తీపైతే ఉండండి, పోటైతే లేవండి

ఒక్కో ఆసనంలో రెండు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండే నెమ్మది యోగా గురించి కొన్నాళ్ళుగా ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి పనికొచ్చేవి ఏరి ఈసారి ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఆఫీసు దగ్గర్లోని స్టూడియోలో యిన్ యోగా క్లాసులో చేరాను. సూర్య నమస్కారాల్లాంటివి ఏవీ లేవు. ఒక్కో భంగిమలో ఐదేసి నిమిషాలు ఉండమంటున్నారు. ఊరికే పడుకోవడానికి ఫీజెందుకని ఇంట్లో నవ్వుతున్నారు. ఇది అసలు మన యోగానేనా? మొదటి నెల ఎలా చెయ్యాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: సగం మనది, సగం కాదు. 1970ల చివర్లో అమెరికాలో పాలీ జింక్ అనే మార్షల్ ఆర్ట్స్ గురువు చైనా తావో సంప్రదాయంలోని సాధనలను ఎక్కువసేపు పట్టి ఉంచే పద్ధతిలో నేర్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న పాల్ గ్రిల్లీ, ఆ తర్వాత సారా పవర్స్ దాన్ని యిన్ యోగా పేరుతో అందరికీ పరిచయం చేశారు. బటర్‌ఫ్లై, క్యాటర్‌పిల్లర్, స్వాన్ లాంటి పేర్లు అలా వచ్చినవే. ఆసనాలు మాత్రం చాలావరకు మనకి తెలిసినవే: బద్ధకోణాసనం, పశ్చిమోత్తానాసనం, ఏకపాద రాజకపోతాసనం. కదలకుండా ఉండటమూ మనకి కొత్త కాదు. 'స్థిర సుఖమాసనం' అన్న పతంజలి, ఆ వెంటనే వచ్చే సూత్రంలో ప్రయత్నాన్ని సడలించమంటాడు. ఇంట్లో ఎవరైనా నవ్వితే ఆ రెండో సూత్రం చెప్పండి.

తేడా వ్యవధిలో ఉంది. యోగా దినోత్సవం రోజు అందరూ చేసే కామన్ యోగా ప్రోటోకాల్‌లో చాలా ఆసనాలకి 10 నుంచి 30 సెకన్లు ఆగితే చాలు. అక్కడ కండరం పనిచేస్తుంది. యిన్‌లో కండరాన్ని వదిలెయ్యాలి. వదిలేశాక ఆ లాగుడు కండరాల చుట్టూ ఉండే పొరల మీద, కీళ్ళ చుట్టూ ఉండే కణజాలం మీద పడుతుంది. ఆ కణజాలం గబుక్కున లాగితే సాగదు, ఎదురు తిరుగుతుంది. తక్కువ బరువు ఎక్కువసేపు ఉంటే కొద్దికొద్దిగా లొంగుతుంది. అందుకే అన్నేసి నిమిషాలు. రిస్టోరేటివ్ యోగా మరొకటి. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ దిండ్లు, బెల్టులు, కుర్చీలతో పెంచిన పద్ధతిలోంచి వచ్చింది. ఒక్కో భంగిమలో 10 నుంచి 20 నిమిషాలు ఉంటారు కానీ ఎక్కడా లాగుడు తెలియకూడదు. యిన్‌లో కొంచెం తెలియాలి. ఈ రెంటినీ కలగాపులగం చేసి 'రిలాక్సేషన్ క్లాస్' అని పేరు పెట్టే చోట్లు చాలానే ఉన్నాయి. మీకు నేర్పేది ఏదో ముందు అడిగి తెలుసుకోండి.

మొదటి నెలకి ఐదు నిమిషాలు ఎక్కువ. మొదటి వారం 1 నిమిషం, రెండో వారం నిమిషంన్నర, మూడో వారం 2, నాలుగో వారం 3. వారానికి రెండు మూడు రోజులు చాలు, నడుమ ఒక రోజు వదలండి. ఐదు నిమిషాల జోలికి రెండు మూడు నెలలు పోయాకే వెళ్ళండి. క్లాసులో అందరూ ఉన్నా మీరు ముందే బయటికి వచ్చి పక్కన పడుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఎంత లోతుకి వెళ్ళాలంటే, మీరు వెళ్ళగలిగినంతలో నూటికి అరవై పాళ్ళు. మొదటి బిగువు తగిలిన చోట ఆగండి. నిమిషం, నిమిషంన్నర గడిచేసరికి ఒళ్ళు దానంతటదే ఒక అంగుళం దిగుతుంది. దాంతోపాటు దిగండి, చేత్తో మాత్రం లాక్కోకండి. మొదటి పది సెకన్లలోనే నేలకి తల ఆనించేసినవాళ్ళకి ఇక దిగే చోటుండదు. మూడో నిమిషానికి వాళ్ళ పళ్ళు బిగుసుకుంటాయి, భుజాలు చెవుల దగ్గరికి చేరతాయి. క్లాసులో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

మిగతాది ఒళ్ళే చెబుతుంది. నొప్పికి తెలుగులో ఉన్నన్ని పేర్లు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. తొడ వెనకో పిర్రలోనో వెడల్పుగా, మొద్దుగా ఉండే 'తీపు' అయితే ఉండొచ్చు. ఒకే చోట పొడిచినట్టున్న 'పోటు', 'మంట', నరం వెంట 'జివ్వు'మనడం, సూదులు గుచ్చినట్టుండే 'తిమ్మిరి', వీటిలో ఏది వచ్చినా గంట మోగేదాకా ఆగక్కర్లేదు. నెమ్మదిగా బయటికి రండి. కీలు లోపల, ముఖ్యంగా మోకాట్లో, ఏ రకం నొప్పి వచ్చినా అదే మాట.

ప్రశ్న: వీడియోల్లో చూసి చేస్తున్నాను. బోల్స్టర్, బ్లాకులు, బెల్టు కావాలంటున్నారు. ఆన్‌లైన్‌లో ధరలు చూస్తే గుండె గుభేలుమంది. ఇంట్లో ఉన్నవాటితో కుదరదా?
– గృహిణి, తణుకు

జవాబు: నిక్షేపంగా కుదురుతుంది. బోల్స్టర్ సుమారు రెండడుగుల పొడవు, తొమ్మిది పదంగుళాల మందం ఉండే గట్టి దిండు, అంతే. పాత బొంత ఉంటే సరిగ్గా సరిపోతుంది. ముందు పొడవు వైపు సగానికి మడవండి, తర్వాత వెడల్పు వైపు నుంచి బిగుతుగా చుట్టుకుంటూ రండి. రెండు చోట్ల పాత చున్నీతో కట్టండి. చుట్టేటప్పుడు మోకాలితో నొక్కి గాలి తియ్యాలి. వదులుగా చుడితే మీద పడుకున్న రెండో నిమిషానికి మధ్యలో గుంట పడి నడుము కిందికి జారుతుంది. బొంత పలచనైతే లోపల రెండు దుప్పట్లు కలిపి చుట్టండి. చేతి పిడికిలితో గట్టిగా నొక్కినప్పుడు అంగుళం కన్నా ఎక్కువ దిగకపోతే సరైన గట్టిదనం వచ్చినట్టు.

కుట్టించుకోవాలనుకుంటే పరుపులు కుట్టేవాళ్ళకి కొలత చెప్పండి. మామూలు దూదే నింపమనండి. బూరుగు దూది మెత్తగా హాయిగా ఉంటుంది కానీ బరువు పడితే త్వరగా అణిగిపోతుంది. తల కింద దిండుకి బాగుంటుంది, వీపు కింద పెట్టే దిండుకి పనికిరాదు. స్పాంజి ముక్కలు నింపినవి అసలే వద్దు.

బ్లాకు బదులు లావుపాటి పుస్తకాలు రెండు కలిపి తువ్వాలు చుట్టండి. పీట కూడా మంచిదే, అంచు ఒంటికి గుచ్చుకోకుండా దుప్పటి కప్పండి. బెల్టు బదులు పాత కాటన్ చున్నీ. నైలాన్‌ది జారుతుంది. మ్యాట్ లేకపోతే చాప మీద దుప్పటి మడిచి వేసుకోండి. ఉత్త గ్రానైట్ మీద పలచని మ్యాట్ ఒక్కటే వేసుకుంటే మోకాలి చిప్ప, తుంటి ఎముక, చీలమండ నేలకి ఒత్తుకుని ఆసనంతో సంబంధం లేని నొప్పులొస్తాయి. పరుపు మీదా చెయ్యకండి. నడుము ఎక్కడ కుంగిందో మీకు తెలియదు.

ఒంటికీ నేలకీ మధ్య గాలి కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి పెట్టాలి. మోకాలు గాలిలో వేలాడుతుంటే తొడ కండరం దాన్ని పట్టుకునే ఉంటుంది, వదలదు. కింద దిండు తగిలిన మరుక్షణం వదిలేస్తుంది. దిండు వాడటం చేతకానితనం అనుకునేవాళ్ళు ఏళ్ళ తరబడి అదే బిగువుతో చేస్తుంటారు.

ప్రశ్న: భోజనమయ్యాక వజ్రాసనం మంచిదని పది నిమిషాలు కూర్చునేవాడిని. యిన్ యోగా గురించి చదివి ఇరవై నిమిషాలకి పెంచాను. ఈమధ్య లేచాక కాలు మొద్దుబారుతోంది. నిన్న చెప్పులేసుకుని నడుస్తుంటే ముందరి పాదం నేలకి తగిలి తూలాను. వయసు 48.
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: వజ్రాసనం ఇవాళే ఆపెయ్యండి. తర్వాత ఈ పరీక్ష చెయ్యండి. గోడ పట్టుకుని మడమల మీద నిలబడి, రెండు ముందరి పాదాలూ పైకెత్తి నాలుగడుగులు వెయ్యండి. ఒక పాదం లేవకపోయినా, రెండో దానికన్నా తక్కువ లేచినా ఈ వారంలోనే న్యూరాలజిస్టుని కలవండి. మామూలుగా లేచినా, మొద్దుబారడం రెండు మూడు రోజుల్లో పూర్తిగా పోకపోతే వెళ్ళాల్సిందే.

కారణం ఇదీ. మోకాలికి బయటివైపు, కాస్త కిందుగా వేలితో తడిమితే చిన్న ఉసిరికాయంత ఎముక గుండు తగులుతుంది. పాదాన్ని పైకెత్తే నరం దాని మెడ చుట్టూ తిరిగి కిందికి పోతుంది. అక్కడ దాని మీద చర్మం, కొంచెం కొవ్వు తప్ప పెద్దగా కాపు లేదు. మోకాలిని పూర్తిగా మడిచి, పైన ఒళ్ళంతా మోపి చాలాసేపు కూర్చుంటే ఆ నరం నలుగుతుంది. కాలి బయటివైపు, పాదం పైభాగం మొద్దుబారతాయి. అలాగే కొనసాగిస్తే పాదం వాలిపోతుంది. 1971లోనే ఒక అమెరికా వైద్య పత్రిక దీన్ని 'యోగా ఫుట్ డ్రాప్' అని రాసింది. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, కానీ తిమ్మిరెక్కాక కూడా ఓర్చుకుని కూర్చున్నవాళ్ళకే ఎక్కువగా వస్తుంది.

ఓర్పు ఇక్కడ గొప్ప గుణం కాదు. తొడ మీద బరువుగా ఉంటే ఓర్చుకోవచ్చు, తిమ్మిరి నరం పంపే కబురు. అది వచ్చాక అర నిమిషం కూడా ఉండకండి. కాలి మొద్దుబారడం తగ్గి డాక్టరు సరేనన్నాక మళ్ళీ కూర్చోవాలనిపిస్తే, పిర్రలకీ మడమలకీ మధ్య గట్టి దిండు అడ్డంగా పెట్టుకుని 2 నిమిషాలు, మహా అయితే 3. అరుగుదల కోసమైతే భోజనం తర్వాత పది నిమిషాల నడక అంతకంటే మేలు.

ప్రశ్న: బటర్‌ఫ్లైలో మూడో నిమిషానికల్లా నడుము పట్టేస్తోంది. మోకాళ్ళు నేలకి జానెడు ఎత్తులో ఉంటాయి, ఎంత నొక్కినా దిగవు. మా టీచరు వీపు నిటారుగా పెట్టమంటారు, వీడియోలో వంచమంటారు. ఏది సరైనది?
– ఉపాధ్యాయిని, హనుమకొండ

జవాబు: రెండూ సరైనవే, ఆసనాలే వేరు. బద్ధకోణాసనంలో మడమలు గజ్జల దగ్గరికి లాక్కుని, వీపు నిటారుగా నిలబెడతారు. అది కండరంతో చేసేది. యిన్ బటర్‌ఫ్లైలో పాదాలు ముందుకు జరిపి, కాళ్ళు గాలిపటం ఆకారంలో ఉంచి, వీపు గుండ్రంగా వాలనిస్తారు. మడమలకీ గజ్జలకీ మధ్య రెండు జానల దూరం ఉంచి చూడండి. దగ్గరగా ఉంటే తొడల లోపలివైపు లాగుతుంది, దూరంగా ఉంటే పిర్రల బయటివైపు, నడుము వైపు వెళుతుంది. ఎక్కడ లాగాలో నిర్ణయించుకుంటే పాదాలు ఎక్కడ ఉండాలో అదే తేలుతుంది.

మీ నడుము పట్టడానికి కారణం చాలావరకు కూర్చున్న తీరే. నేల మీద కూర్చోగానే మీ కటి భాగం వెనక్కి దొర్లుతోంది. దాంతో ముందుకు వంగాల్సింది తుంటి దగ్గర కాకుండా అంతా నడుములోనే వంగుతుంది. దుప్పటిని నాలుగైదు అంగుళాల మందం వచ్చేలా మడిచి, దాని ముందు అంచు మీద కూర్చోండి. మధ్యలో కాదు. అంచు మీద కూర్చుంటేనే కటి ముందుకు వాలుతుంది. సరిగ్గా కూర్చున్నారో లేదో తెలియాలంటే ఒక చెయ్యి నడుము కింద, తోకెముక పైన పెట్టండి. వెన్నుపూసలు ముళ్ళలా బయటికి పొడుచుకొస్తే ఎత్తు చాలలేదు, ఇంకో మడత వేసుకోండి. చదునుగానో కొంచెం లోపలికో ఉంటే సరిపోయింది.

మోకాళ్ళు నొక్కకండి. తొడ ఎముక తుంటి గుంటలో ఎలా అమరిందన్నది మనిషి మనిషికీ మారుతుంది. కొందరికి జానెడు ఎత్తు దగ్గర ఎముకకి ఎముక తగిలి ఆగిపోతుంది. అక్కడ ఇక సాగదియ్యడానికి ఏమీ ఉండదు. ఒక్కో మోకాలి కింద ఒక్కో దిండు దోపి, ఒడిలో పెద్ద దిండు నిలువుగా పెట్టి, దాని మీద ముంజేతులు, నుదురు ఆనించండి. మెడ వేలాడితే మూడో నిమిషంలో తలనొప్పి తయారవుతుంది. దిండు అందకపోతే ముందు కుర్చీ పెట్టుకుని దాని సీటు మీద తల వాల్చండి. లేచేటప్పుడు చేతులతో నేలని తోస్తూ పైకి రండి, నడుము బలంతో లేవకండి. ఆ తర్వాత చేతులతో ఒక్కో మోకాలినీ ఎత్తి కాళ్ళు చాపుకుని, వెనక్కి చేతుల మీద వాలి, నిమిషం పాటు కాళ్ళు అటూ ఇటూ ఆడించండి.

డిస్కు సమస్య గానీ, వంగితే కాల్లోకి పాకే నొప్పి గానీ ఉంటే ఈ ఆసనం కూర్చుని వద్దు. వెల్లకిలా పడుకుని అరికాళ్ళు కలిపి మోకాళ్ళ కింద దిండ్లు పెట్టుకోండి. తొడలకి అదే పని, నడుముకి బరువుండదు.

ప్రశ్న: ఇక్కడ స్టూడియోలో స్లీపింగ్ స్వాన్ చేయిస్తారు, ఒక కాలు ముందు మడిచి, రెండోది వెనక్కి చాపి ముందుకి వాలడం. ముందు కాలి మోకాలు లోపలివైపు నొప్పి పెడుతుంది. 'బ్రీత్ త్రూ ఇట్' అంటుంది టీచర్. ఊపిరి తీసుకుంటే తగ్గుతుందా?
– టెక్సాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తగ్గదు. ఈ మాట పిర్రలోని తీపుకి చెల్లుతుంది, మోకాలికి చెల్లదు. మోకాలు తలుపు బందులాంటిది. మడతపడుతుంది, తెరుచుకుంటుంది, తిరగడం మాత్రం చాలా కొంచెమే. తుంటి బయటికి తిరగాలి. అది తిరగనప్పుడు మీరు ముందు పిక్కని మ్యాట్ ముందంచుకి సమాంతరంగా లాగితే, ఆ తిరుగుడంతా మోకాలి మీద పడుతుంది. అందులో నలిగేది మోకాట్లో మెత్తలా ఉండే మృదులాస్థి, లోపలివైపు మెనిస్కస్. అదొకసారి చిరిగితే ఏ దిండూ దాన్ని అతికించదు.

మడమని గజ్జల వైపు తెచ్చుకోండి. ముందు కాలి తుంటి కింద గాలి కనిపిస్తే అంత మందం తువ్వాలు మడిచి దోపండి, లేకపోతే బరువంతా ఒక పక్కకి వాలుతుంది. పాదాన్ని కొంచెం బిగించి చీలమండని నిటారుగా ఉంచండి. ఇంత చేసినా మోకాట్లో తెలిస్తే ఈ ఆసనం మీకు కాదు. వెల్లకిలా పడుకోండి. రెండు మోకాళ్ళూ మడిచి, కుడి చీలమండని ఎడమ మోకాలికి కొంచెం పైన, తొడ మీద వెయ్యండి. చూడ్డానికి ఇంగ్లిష్ అంకె నాలుగులా ఉంటుంది. ఎడమ పాదం గోడకి ఆనించండి. కుడి పిర్రలో అదే తీపు తెలుస్తుంది. ఇంకా కావాలంటే గోడకి దగ్గరగా జరగండి, వద్దనుకుంటే దూరంగా. తుంటికి రెండింటి పనీ ఒకటే. టీచరు ఏమన్నా అంటే మోకాలు బాగాలేదని చెప్పండి, మంచి టీచరైతే రెండో మాట మాట్లాడదు.

ప్రశ్న: వయసు 63. బీపీ, షుగరు మాత్రలు వాడుతున్నాను. ఎముకలు పలచబడ్డాయని స్కాన్‌లో వచ్చింది. పెద్దగా కష్టం లేదు కదా, ఈ యోగా చెయ్యొచ్చా అంటోంది మా కోడలు.
– నల్గొండ

జవాబు: కష్టం లేదన్న మాటే పెద్దవాళ్ళని మోసం చేస్తుంది అమ్మా. నెమ్మదిగా చేసేదాంట్లోనూ దెబ్బ తగులుతుంది, కాకపోతే ఆలస్యంగా తెలుస్తుంది. మీ డెక్సా (ఎముకల గట్టిదనం చూసే స్కాన్) రిపోర్టులో టి-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే వీపు గుండ్రంగా వంచే ఆసనాలు పూర్తిగా మానెయ్యండి: కాళ్ళు చాపుకుని వంగడం, బటర్‌ఫ్లైలో వాలడం, గట్టిగా నడుము మెలితిప్పడం. పలచబడిన వెన్నుపూస ముందుభాగం ఆ ఒత్తిడికి నలిగి విరగొచ్చు. స్కోరు అంతకన్నా మెరుగ్గా ఉన్నా, మీ డాక్టరుకి ఆసనం బొమ్మ చూపించి అడిగాకే చెయ్యండి.

షుగరు ఎక్కువ కాలంగా ఉంటే అరికాళ్ళకి స్పర్శ తగ్గి ఉండొచ్చు. అప్పుడు తిమ్మిరొస్తే లేవండి అన్న పై సలహా మీకు పనిచెయ్యదు, ఎందుకంటే తిమ్మిరి తెలియనే తెలియదు. అందుకని వజ్రాసనం, మఠం వేసుకుని ఎక్కువసేపు కూర్చోవడం వద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో మొదలుపెట్టకుండా, పక్కన కాస్త పంచదార ఉంచుకోవాలి. బీపీకి తల గుండెకన్నా కిందికి వెళ్ళే భంగిమలు వద్దు. కంట్లో గ్లకోమా ఉన్నవాళ్ళకీ ఇదే మాట.

మీకు సరిపోయేది రిస్టోరేటివ్. మంచం మీద కాకుండా నేల మీద దుప్పటి పరుచుకుని, పిక్కలు కుర్చీ సీటు మీద పెట్టి, తల కింద పలచని దిండుతో వెల్లకిలా 8 నుంచి 10 నిమిషాలు. నేల మీదకి దిగడం, లేవడం కష్టమైతే గోడ పక్కన చెయ్యండి. లేచేటప్పుడు ముందు పక్కకి ఒత్తిగిలండి, అర నిమిషం ఆగండి. చేతుల మీద లేచి కూర్చుని ఇంకో నిమిషం ఉన్నాక నిలబడండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, మీ ఎముకలకి కింద పడటమే అన్నిటికన్నా ప్రమాదం.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు, కూచిపూడి నేర్చుకుంటోంది. ఒళ్ళు విల్లులా వంగుతుంది. యిన్ యోగా చేస్తే ఇంకా బాగా వంగుతుందని స్నేహితురాళ్ళతో కలిసి ఐదారు నిమిషాలు, రెండు మోకాళ్ళూ నేల మీద పక్కలకి వెడల్పుగా జరిపి వాలే ఫ్రాగ్ పోజ్‌లో ఉంటోంది. తనకి ఏ నొప్పీ లేదు. ప్రోత్సహించమంటారా?
– విజయవాడ

జవాబు: ఆపమంటాం. వంగనివాళ్ళకన్నా ఎక్కువ వంగేవాళ్ళకే ఈ పద్ధతిలో జాగ్రత్త ఎక్కువ కావాలి. వాళ్ళకి కండరం అడ్డు పడదు, నేరుగా కీలు చివరిదాకా వెళ్ళి ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ల మీద వేలాడతారు. నొప్పి తెలియదు. తెలియకపోవడమే చిక్కు.

ఇంట్లోనే ఒకసారి చూడండి. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగుతుందా, బొటనవేలు ముంజేతికి తగులుతుందా, మోచెయ్యి, మోకాలు 10 డిగ్రీలు దాటి వెనక్కి విరుచుకుంటాయా. ఒక్కోదానికి ఎడమకి ఒక మార్కు, కుడికి ఒక మార్కు. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకి ఆనితే ఇంకొకటి. మొత్తం 9. వైద్యులు దీన్ని బైటన్ స్కోర్ అంటారు. 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, తరచూ చీలమండ మడతపడటం, భుజం జారడం లాంటివి కూడా ఉంటే ఎముకల వైద్యుడికి చూపించండి.

అంత స్కోరు ఉన్న పిల్ల చివరిదాకా వంగి ఉండిపోవడం వద్దు. తనకి కావాల్సింది పట్టు. అరమండిలో (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే నాట్య భంగిమ) కూర్చుని మోకాలు పాదం వేళ్ళ దిశలో నిలబెట్టడం, ఒంటికాలి మీద నిలబడటం, పిర్రల కండరాలు గట్టిపడే వ్యాయామాలు. ఎవరైనా సరే, చాలాసేపు సాగదీసిన వెంటనే డాన్స్ అడుగులు, గెంతులు చెయ్యకూడదు. సాగిన కీలు కాసేపు వదులుగా ఉంటుంది, పట్టు తప్పుతుంది. అంతగా యిన్ చెయ్యాలనుకుంటే డాన్స్ అయ్యాక, రాత్రి పూట మాత్రమే, అదీ అరవై కాదు, నలభై పాళ్ళ లోతులో.

ప్రశ్న: బరువు తగ్గుతానా? కొందరు ఇందులో విషాలు బయటికి పోతాయంటున్నారు.
– కడప

జవాబు: తగ్గరు. కదలకుండా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి పడుకున్నప్పటికన్నా పెద్దగా ఎక్కువుండదు. విషాల పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి.

ప్రశ్న: సాధన మధ్యలో నిద్ర పడుతోంది. ఒక్కోసారి కారణం లేకుండా ఏడుపొస్తోంది. తప్పు చేస్తున్నానా?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: నిద్ర తప్పు కాదు, అప్పు. రాత్రి నిద్ర చాలనివాళ్ళకి ఒళ్ళు వదలగానే వచ్చేస్తుంది. కానీ లాగుడు ఉన్న భంగిమలో నిద్రపోతే తిమ్మిరి తెలియదు కాబట్టి కళ్ళు సగం తెరిచి ఉంచండి, శవాసనంలో పడుకుంటే పడుకోండి. ఏడుపొస్తే రానివ్వండి, భంగిమ వదిలేసి పక్కకి ఒత్తిగిలి మోకాళ్ళు ముడుచుకుని పడుకోండి. తుంట్లలో బాధలు దాగి ఉంటాయన్నది పుస్తకాల కవిత్వం. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అణిచిపెట్టినవి పైకి రావడం మామూలే. ప్రతిసారీ అదే జరుగుతూ రోజంతా వెంటాడితే మాత్రం మనసు డాక్టరుని కలవడం మంచిది.

ప్రశ్న: ఇంట్లో చేసుకోవడానికి అరగంట వరస ఒకటి చెప్పండి. ఉదయం మంచిదా, రాత్రా?
– కరీంనగర్, హైదరాబాద్, నెల్లూరు నుంచి పలువురు

జవాబు: రాత్రి, భోజనానికి ముందు గానీ తిన్న రెండు మూడు గంటల తర్వాత గానీ. నిద్ర లేచిన మొదటి గంటలో ముందుకి వంగే ఆసనాలు వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, ఆ సమయంలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఫ్యాను నేరుగా మీద పడకుండా చూసుకోండి, కదలకపోతే ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టి, తెర కిందికి తిప్పి పక్కన పెట్టండి. గట్టి అలారం మోత వద్దు, దానికి ఉలిక్కిపడితే సాగి ఉన్న కండరం ఒక్కసారిగా బిగుసుకుంటుంది.

వెల్లకిలా పడుకుని 2 నిమిషాలు ఊపిరి గమనించండి. పైన చెప్పినట్టు బటర్‌ఫ్లై 3, వెనక్కి వాలి విశ్రాంతి 1. తర్వాత బోర్లా పడుకుని మోచేతులు భుజాల కన్నా అంగుళం ముందు ఉంచి ఛాతీ ఎత్తండి, దీన్ని స్ఫింక్స్ అంటారు, 2 నిమిషాలు. పిర్రలు బిగించకండి, బొడ్డు కింద నేల తెలుస్తూ ఉండాలి. నడుములో గుచ్చితే మోచేతులు ముందుకి జరపండి. బోర్లా విశ్రాంతి 1, ఆ వెంటనే బాలాసనం 2, మోకాళ్ళు నొప్పి ఉంటే పిర్రలకీ పిక్కలకీ మధ్య దిండుతో. తర్వాత వెల్లకిలా గోడ దగ్గర అంకె నాలుగు, ఒక్కో వైపు 2, ఆఖర్న 1 నిమిషం కాళ్ళు చాపుకోవడం. లేచి కూర్చుని కాళ్ళు చాపి ముందుకి వాలే క్యాటర్‌పిల్లర్ 3, మోకాళ్ళ కింద దుప్పటి చుట్ట, తొడల మీద దిండు. మోకాళ్ళు వంగే ఉండొచ్చు, నిటారుగా పెట్టాలని పంతం వద్దు. విశ్రాంతి 1. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్ళూ ఒక పక్కకి వాల్చే మెలిక, ఒక్కో వైపు 2. పైన ఉన్న మోకాలు గాలిలో ఉంటే రెండు మోకాళ్ళ మధ్య దిండు. శవాసనం 6. మొత్తం 30, మారడానికి ఇంకో ఐదు కలుపుకోండి.

ఇందులో మూడేసి నిమిషాలు నాలుగో వారానివి. అప్పటిదాకా పైన చెప్పిన వారాల లెక్క ప్రకారం తగ్గించుకోండి, విశ్రాంతి నిమిషాలు మాత్రం తగ్గించొద్దు. భంగిమకీ భంగిమకీ మధ్య ఆ నిమిషంలోనే సాగిన చోటు సర్దుకుంటుంది, వీడియోలు చూసి చేసేవాళ్ళు ఎగ్గొట్టేది అదే. మర్నాడు పొద్దున నడుముగానీ తుంటిగానీ ముందురోజుకన్నా బిగుసుకుని ఉంటే మీరు లోతు ఎక్కువ వెళ్ళారని అర్థం. ఆ భంగిమకి తర్వాతిసారి సమయం సగం చెయ్యండి, దిండు ఒకటి పెంచండి. రెండు సార్లు వరసగా అలాగే అయితే దాన్ని నెల రోజులు పక్కన పెట్టండి.